ఎఫ్‌స్టాబ్‌లో ఒక్క పాత లైన్, సర్వర్ లేవలేదు. సిస్టమ్‌డీ మీద మీ అభిప్రాయం చెప్పండి

రాత్రి_షిఫ్ట్
కోపంగానే రాస్తున్నాను, కానీ నాకు నిజంగా జవాబు కావాలి.

పోయిన వారం కరెంటు పని కోసం సర్వర్లన్నీ ఆపి మళ్లీ ఆన్ చేశారు. ఒకటి లేవలేదు. పింగ్ లేదు, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్) లేదు. రాత్రి రెండింటికి అక్కడికి వెళ్లి మానిటర్ తగిలిస్తే సంగతి తెలిసింది. ఏదో డిస్క్ కోసం ఒకటిన్నర నిమిషం ఎదురుచూసి, అది దొరక్క ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్లిపోయింది. అక్కడైనా లోపలికి రానిచ్చిందా అంటే అదీ లేదు. రూట్ అకౌంట్ (అన్ని హక్కులూ ఉండేది) లాక్‌లో ఉంది కాబట్టి కన్సోల్ ఇవ్వలేనని మెసేజ్. మేం అందరం సుడోనే (సొంత పాస్‌వర్డ్‌తో రూట్ పనులు చేయించేది) వాడతాం, రూట్‌కి పాస్‌వర్డ్ ఎప్పుడూ పెట్టలేదు.

కారణం, నాలుగు నెలల కిందట పీకేసిన బ్యాకప్ డిస్క్. ఎఫ్‌స్టాబ్‌లో (బూట్ అప్పుడు ఏ డిస్క్‌ని ఏ ఫోల్డర్‌కి తగిలించాలో, అంటే మౌంట్ చేయాలో, రాసే ఫైల్) దాని లైన్ తీయడం మర్చిపోయాం. తప్పు మాదే, ఒప్పుకుంటాను. కానీ బ్యాకప్ డిస్క్ లేనంత మాత్రాన మొత్తం మిషన్ ఎందుకు ఆగిపోవాలి? సిస్టమ్‌డీకి ముందున్న పాత ఇనిట్ (మిషన్ లేచేటప్పుడు సర్వీసులన్నీ మొదలుపెట్టే ప్రోగ్రామ్) అయితే "మౌంట్ అవలేదు" అని ఒక ఎర్రర్ చూపించి ముందుకు పోయేది. నేను ఎస్‌ఎస్‌హెచ్‌లో వెళ్లి రెండు నిమిషాల్లో సరిచేసేవాణ్ణి. ఇప్పుడు పెన్ డ్రైవ్‌తో బూట్ చేసి, డిస్క్ మౌంట్ చేసి, ఆ లైన్ తీసేసరికి మూడు గంటలు పట్టింది.

ఈ మిషన్ ఎప్పుడూ లేవడానికి చాలాసేపు తీసుకుంటుంది, పాత హార్డ్‌వేర్ కదా అనుకునేవాళ్లం. ఆ మాట అలా ఉంచండి. ఈ సిస్టమ్‌డీ ముందడుగేనా? పాతికేళ్లు నడిచినదాన్ని తీసేసి ఇది పెట్టుకుని మనం ఏం బాగుపడ్డాం?

ప్యాకేజీ_పద్మ
ముందు మందు చెప్తాను, తర్వాత వాదన. ఎఫ్‌స్టాబ్‌లో అలాంటి డిస్కులకి ఆప్షన్ల దగ్గర "నోఫెయిల్" రాయండి. పక్కనే "ఎక్స్-సిస్టమ్‌డీ.డివైస్-టైమౌట్=10ఎస్" అని పెడితే తొంభై సెకన్ల బదులు పదే ఆగుతుంది.

ఎందుకు ఆగిపోయిందంటే, ఎఫ్‌స్టాబ్‌లో మీరు మామూలుగా రాసిన ప్రతి డిస్క్ మౌంట్ లైన్‌నీ సిస్టమ్‌డీ "ఇది తప్పక కావాలి" అనే అర్థంలోనే తీసుకుంటుంది. ఆ డిస్క్ మీద డేటాబేస్ ఉందనుకోండి. మౌంట్ అవకుండానే బూట్ ముందుకు పోతే డేటాబేస్ లేచి, ఖాళీ ఫోల్డర్ చూసి, కొత్తగా మొదలుపెడుతుంది. అలా జరిగిన చోట సర్దాల్సి వచ్చింది నాకు. మూడు గంటలు కాదు, రెండు రోజులు.

పాతకాపు
పద్మ గారు చెప్పిన ఖాళీ ఫోల్డర్ కష్టం నాకూ తెలుసు. బ్యాకప్ డిస్క్ మౌంట్ అవక, బ్యాకప్ అంతా రూట్ పార్టిషన్‌లోకి పోసి నింపేసిన రాత్రులు చూశాను. అయినా నేను రాత్రి_షిఫ్ట్ పక్షమే.

ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. పాత సిస్5 ఇనిట్‌లో బూట్ అంటే షెల్ స్క్రిప్టుల (కమాండ్లు రాసిన టెక్స్ట్ ఫైళ్ల) వరుస. ఆర్‌సీ2.డీ ఫోల్డర్‌లోకి వెళ్తే ఎస్20, ఎస్80 అంటూ లింకులు కనబడతాయి. ఆ నంబర్ల వరుసలో నడుస్తాయి. ఏదైనా ఆగిపోతే ఆ స్క్రిప్ట్ తెరిచి, పైనుంచి కిందికి చదివి, మధ్యలో ఒక ఎకో (స్క్రీన్ మీద మాట వేసే కమాండ్) పెట్టి, ఎక్కడ ఆగిందో పట్టుకుంటాను. కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు, షెల్ వస్తే చాలు. ఇప్పుడు బూట్ ఆగిందంటే లోపల ఏ యూనిట్ (సిస్టమ్‌డీ చేసే ఒక్కో పనిని చెప్పే ఫైల్) దేని కోసం చూస్తోందో, ఆ లింకు ఎవరు కలిపారో వెతకాలి. ఎఫ్‌స్టాబ్ లైన్‌ని ఎవరో జెనరేటర్ యూనిట్‌గా మార్చిందని తెలియకపోతే ఆ ఫైల్ ఎక్కడుందో కూడా దొరకదు. అది రన్ ఫోల్డర్‌లో పుడుతుంది, మిషన్ ఆపితే పోతుంది.

నా మిషన్ నాకు అర్థం కావాలి. అది నాకు వేగం కంటే ముఖ్యం.

జెంటూ_గిరి
ఒక చిన్న సవరణ. "పాత ఇనిట్ అయితే ముందుకు పోయేది" అన్నది సగమే నిజం. ఎఫ్‌స్టాబ్‌లో ఆరో కాలమ్ ఉంటుంది కదా, ఎఫ్‌ఎస్‌సీకే (డిస్క్ చెక్) వరుస చెప్పేది. అక్కడ సున్నా ఉంటే ముందుకు పోయేది. ఒకటో రెండో ఉంటే, డిస్క్ చెక్ ఫెయిలైందని పాత డెబియన్ లినక్స్ కూడా మెయింటెనెన్స్ షెల్ తెరిచి రూట్ పాస్‌వర్డ్ అడిగి కూర్చునేది.

రాత్రి_షిఫ్ట్
చూశాను. ఆ లైన్‌లో ఆరో కాలమ్ 2. అంటే పాతదైనా ఆగేదే! ఇది నాకు తెలియదు. కోపం సగం తగ్గింది, మిగతా సగం రూట్ లాక్ మీద.

చిన్నపెంగ్విన్
నేను లినక్స్ మొదలుపెట్టి ఏడాది. సిస్టమ్‌డీ తప్ప వేరేది చూడలేదు. ఒక్క ప్రోగ్రామ్ గురించి ఇన్నేళ్లు ఎందుకు కొట్టుకుంటున్నారో ఎవరైనా చెప్పరా? ఎడిటర్ల గొడవ లాంటిదేనా?

జెంటూ_గిరి
ఎడిటర్ నచ్చకపోతే ఇంకోటి పెట్టుకుంటావు తమ్ముడూ, పక్కవాడికి తేడా రాదు. ఇది అలాంటిది కాదు.

కెర్నల్ (లినక్స్ అసలు గుండె) లేచాక యూజర్ వైపు మొట్టమొదట నడిపేది ఒకే ఒక్క ప్రాసెస్. దాని నంబర్ 1. మిగతావన్నీ దాని పిల్లలు, మనవలు. ఏదైనా ప్రాసెస్ తల్లి ముందే పోతే ఆ అనాథ సాధారణంగా నంబర్ 1 దగ్గరికే చేరుతుంది, అది చచ్చాక లెక్క ముగించేదీ ఇదే. నంబర్ 1 చచ్చిపోతే కెర్నల్ పానిక్, మిషన్ మొత్తం ఆగిపోతుంది. అందుకే అది ఎంత చిన్నగా ఉంటే అంత మంచిదని ఒక వర్గం. అన్నీ దానికే తెలుస్తాయి కాబట్టి సర్వీసుల పెత్తనం కూడా దానికే ఇవ్వాలని ఇంకో వర్గం. గొడవ మూలం ఇదే.

పాత సిస్5 ఇనిట్ సర్వీసుని మొదలుపెట్టి వదిలేసేది. ఆ తర్వాత అది బతికుందో పోయిందో ఎవరూ చూడరు. ఇనిట్‌టాబ్‌లో రీస్పాన్ అని ఉండేది కానీ లాగిన్ టెర్మినళ్లకి తప్ప దాన్ని పెద్దగా ఎవరూ వాడలేదు. మరి స్టాప్ అంటే ఎవర్ని ఆపాలో ఎలా తెలుస్తుంది? పీఐడీ ఫైల్‌లో రాసి ఉన్న నంబర్ చూసి. ఆ డీమన్ (వెనకాల నడిచే సర్వీస్) ఎప్పుడో పోయి, కెర్నల్ అదే నంబర్‌ని ఇంకో ప్రాసెస్‌కి ఇచ్చి ఉంటే? స్టాప్ స్క్రిప్ట్ వెళ్లి ఏ పాపం తెలియని ఆ ప్రాసెస్‌ని చంపుతుంది. జాగ్రత్తగా రాసిన స్క్రిప్టులు పేరు కూడా సరిచూసేవి. అన్నీ జాగ్రత్తగా రాసినవి కావు.

రన్ఇట్_రవి
గిరి గారు చెప్పిన సమస్య నిజమే. కానీ దానికి సిస్టమ్‌డీ ఒక్కటే మందు అన్నట్టు మాట్లాడతారు చూడండి, అక్కడే నాకు బాధ.

డి. జె. బెర్న్‌స్టైన్ డీమన్‌టూల్స్ సిస్టమ్‌డీ కంటే చాలా ముందుది. ఐడియా చాలా సులువు. ప్రతి సర్వీసుకీ ఒక చిన్న కాపలా ప్రాసెస్. సర్వీస్ దాని సొంత బిడ్డగా నడుస్తుంది, బ్యాక్‌గ్రౌండ్‌లోకి పోదు. బిడ్డ పోతే తల్లికి కెర్నలే చెప్తుంది. పీఐడీ ఫైల్ అవసరమే లేదు. గెరిట్ పేప్ రాసిన రన్ఇట్ అదే దారి. వాయిడ్ లినక్స్ ఒకప్పుడు సిస్టమ్‌డీ వాడి, దాన్ని వదిలి రన్ఇట్‌కి వచ్చింది. నా ల్యాప్‌టాప్‌లో అదే. ఒక సర్వీస్ అంటే ఒక ఫోల్డర్, అందులో "రన్" అనే స్క్రిప్ట్, మామూలుగా రెండు మూడు లైన్లు. ఎనేబుల్ చేయడం అంటే ఒక లింక్ పెట్టడం. పది నిమిషాల్లో మొత్తం అర్థమైపోతుంది. ఇంకా పకడ్బందీగా కావాలంటే లారెంట్ బెర్కో రాసిన ఎస్6 ఉంది.

చిన్నపెంగ్విన్, ఒక వర్చువల్ మిషన్‌లో పెట్టి చూడు. సిస్టమ్‌డీని వదలమనట్లేదు, బూట్ అంటే ఏంటో కళ్లకు కడుతుంది.

ప్యాకేజీ_పద్మ
రవి గారూ, రన్ఇట్ అందంగా ఉంటుంది, కాదనను. మరి మీ సర్వీస్ తనే రెండుసార్లు ఫోర్క్ అయి (తన నకలు పుట్టించి) తల్లి చేయి వదిలించుకుంటే? లేదా ముప్పై మంది పిల్లల్ని పుట్టించి, తల్లి పోయినా పిల్లలు పోర్ట్ పట్టుకుని కూర్చుంటే? రన్ఇట్ తనకి తెలిసిన ఒక్కదానికే సిగ్నల్ పంపుతుంది.

సిస్టమ్‌డీ ప్రతి సర్వీసునీ ఒక సీగ్రూప్‌లో (ప్రాసెస్‌లని గుంపుగా కట్టి ఉంచే కెర్నల్ ఏర్పాటు) పెడుతుంది. ఎన్నిసార్లు ఫోర్క్ అయినా అందులోంచి తప్పించుకోలేదు. స్టాప్ అంటే అన్నీ పోతాయి. ఒకే సర్వర్‌లో పది మంది రాసిన పది రకాల ప్రోగ్రాములు నడిపేవాళ్లకి ఇది ప్రాణం.

ఇంకో మాట. నేను ప్యాకేజీలు చేస్తాను. ఒకే డీమన్‌కి ఒక డిస్ట్రో (డెబియన్, ఫెడోరా లాంటి లినక్స్ రకం) కోసం ఒక ఇనిట్ స్క్రిప్ట్, ఇంకో డిస్ట్రో కోసం ఇంకోటి రాసేవాళ్లం. ఒక్కోటి వంద, నూట యాభై లైన్లు, అందులో తొంభై శాతం ఒకదాన్నుంచి ఒకటి కాపీ కొట్టినవే, తప్పులతో సహా. ఇప్పుడు పన్నెండు లైన్ల యూనిట్ ఫైల్. ప్రోగ్రామ్ రాసినవాళ్లే ఇస్తున్నారు, సిస్టమ్‌డీ ఉన్న అన్ని డిస్ట్రోల్లో అదే నడుస్తుంది. నేను మిగిలిన సమయంలో నిద్రపోతున్నాను.

రన్ఇట్_రవి
ఫోర్క్ అయ్యే డీమన్ దాదాపు ఏదైనా సరే, ఫోర్‌గ్రౌండ్‌లో నడపడానికి ఒక ఆప్షన్ ఇస్తుంది. అది లేని డీమన్‌ని సరిచేయాలి కానీ, దాని కోసం నంబర్ 1ని ఇంత పెద్దది చేయాలా? పిల్లల్ని వదిలేసి పోయే ప్రోగ్రాముల విషయంలో మాత్రం మీ మాట ఒప్పుకుంటాను, అక్కడ సీగ్రూపే సరైన పనిముట్టు.

లాగ్_చదువరి
నాకు ఇనిట్ మీద పట్టింపు లేదు, లాగుల మీద ఉంది. జర్నల్ (సిస్టమ్‌డీ లాగులు దాచే చోటు) మామూలు టెక్స్ట్ కాదు, బైనరీ ఫైల్ అన్నప్పుడు నేనూ తిట్టుకున్నాను. ఒకసారి కరెంటు పోయి లేచాక జర్నల్ ఫైల్ పాడైందని మెసేజ్ చూసి గుండె ఆగినంత పనైంది. ఫైల్‌ని పక్కకి పెట్టి కొత్తది మొదలుపెట్టింది. పాతదాంట్లో చాలావరకు చదవగలిగాను.

కానీ ఇప్పుడు వెనక్కి వెళ్లలేను. "జర్నల్‌సీటీఎల్ -బి -1" అంటే పోయినసారి బూట్ మొత్తం. "-యు" పెట్టి సర్వీస్ పేరు ఇస్తే ఆ ఒక్కదాని గోల. "-పి ఈఆర్ఆర్" అంటే ఎర్రర్లు, వాటికంటే పెద్దవి మాత్రమే. సర్వీస్ స్టార్ట్ అవుతూనే చచ్చిపోయేముందు స్క్రీన్ మీద వేసిన ఆఖరి లైన్ కూడా దొరుకుతుంది. పాత పద్ధతిలో అది గాల్లో కలిసిపోయేది.

రాత్రి_షిఫ్ట్, ఒకటి చూసుకోండి: "వార్ / లాగ్ / జర్నల్" ఫోల్డర్ ఉందా? కొన్ని డిస్ట్రోల్లో అది లేకపోతే జర్నల్ మెమరీలోనే ఉండి రీబూట్‌తో పోతుంది.

పాతకాపు
టెక్స్ట్ ఫైల్ అయితే ఏ రెస్క్యూ డిస్క్ పెట్టినా లెస్, గ్రెప్ చాలు. జర్నల్ చదవాలంటే ఆ రెస్క్యూ డిస్క్‌లో జర్నల్‌సీటీఎల్ ఉండాలి. మిషన్ చచ్చిన రోజే కదా లాగ్ కావాల్సింది.

లాగ్_చదువరి
నిజం. అందుకే నేను ఆర్‌సిస్‌లాగ్ (లాగులని టెక్స్ట్‌గా రాసేది) కూడా పక్కనే నడుపుతాను. రెండూ కలిసి ఉండొచ్చు, ఒకదాన్ని చూసి ఇంకోటి అలగదు.

చిన్నపెంగ్విన్
షట్‌డౌన్ అప్పుడు "స్టాప్ జాబ్ నడుస్తోంది" అని ఒకటిన్నర నిమిషం ఎర్రగా అటూ ఇటూ తిరుగుతుంది కదా, అది కూడా దీనిదేనా?

రన్ఇట్_రవి
దీనిదే. ఆ ఎర్ర చుక్కలు చూస్తూ టీ తాగిరావడం అలవాటైనవాళ్లు ఎంతమందో :)

ప్యాకేజీ_పద్మ
అది ఆగమని చెప్పినా ఆగని సర్వీస్ కోసం ఎదురుచూడటం. డిఫాల్ట్ 90 సెకన్లు. సిస్టమ్.కాన్ఫ్‌లో డిఫాల్ట్‌టైమౌట్‌స్టాప్‌సెక్ తగ్గించుకోవచ్చు. కానీ ముందు ఏ సర్వీస్ ఆగట్లేదో జర్నల్‌లో చూడు. డేటాబేస్ అయితే ఆ టైమ్ దానికి కావాలి.

ఒంటరి_పరిశోధకుడు
నా బాధ వేరు. 2016లో సిస్టమ్‌డీ 230 వచ్చింది. లాగౌట్ అయితే ఆ యూజర్ ప్రాసెస్‌లన్నీ చంపేయడం అందులో డిఫాల్ట్ చేశారు. నాకు తెలియదు. టీమక్స్‌లో (టెర్మినల్ పనిని వెనకాల నడిపించే ప్రోగ్రామ్) లెక్క ఒకటి పెట్టి, డిటాచ్ చేసి, లాగౌట్ అయి పడుకున్నాను. పద్నాలుగు గంటల పని. పొద్దున చూస్తే టీమక్సే లేదు. డిటాచ్ చేసిందే నేను వెళ్లిపోయినా నడవాలని. దశాబ్దాలుగా అందరూ నమ్ముకున్న అలవాటుని ఒక్క వెర్షన్ మార్పుతో తిప్పేస్తే ఎలా?

లాగౌట్ అయ్యాక కూడా యూజర్ పనులు నడవనిచ్చే "లాగిన్‌సీటీఎల్ ఎనేబుల్-లింగర్" వాడమన్నారు. వాడుతున్నాను. కానీ ఆ రోజు నాకు ఎవరు చెప్పారు?

ప్యాకేజీ_పద్మ
ఆ విషయంలో నేను పూర్తిగా మీ పక్షం. డెబియన్ దాన్ని వెంటనే తన ప్యాకేజీలో ఆఫ్ చేసింది. మీది దాన్ని అలాగే వదిలేసిన డిస్ట్రో అయ్యుంటుంది. పైనుంచి వచ్చిన ప్రతి డిఫాల్ట్‌నీ కళ్లు మూసుకుని తీసుకోకపోవడమే డిస్ట్రోల పని.

పాతకాపు
ఇదే నేను చెప్పేది. కోడ్ మంచిదా చెడ్డదా అన్నది రెండో మాట. మా మెడ మీద పెట్టారన్నది మొదటి మాట. గ్నోమ్ డెస్క్‌టాప్‌కి లాగిన్‌డీ (ఎవరు లాగిన్ అయ్యారో చూసే భాగం) కావాలి. లాగిన్‌డీకి సిస్టమ్‌డీ కావాలి. యూడెవ్ (తగిలించిన పరికరాలని గుర్తించేది) విడిగా ఉండేది, 2012లో దాన్నీ ఇందులో కలిపారు. డెస్క్‌టాప్ కావాలంటే ఇనిట్ మార్చుకోవాలి, ఇదెక్కడి లంకె?

జెంటూ_గిరి
మెడ మీద పెట్టారన్న మాట దగ్గర కొంచెం ఆగండి. వరుస చూడండి.

సిస్5 ఇనిట్ చాలదని అందరికీ ముందే తెలుసు. సోలారిస్ 10లో ఎస్ఎమ్ఎఫ్, ఆపిల్ టైగర్‌లో లాంచ్‌డీ, రెండూ 2005లోనే వచ్చాయి. 2006లో ఉబుంటు అప్‌స్టార్ట్ తెచ్చింది. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ 6 కూడా అప్‌స్టార్టే వాడింది. 2010లో లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ సిస్టమ్‌డీ మొదలుపెట్టారు. 2011లో ఫెడోరా 15, 2012లో ఆర్చ్. ఆర్చ్‌ని ఎవరు బలవంతం చేస్తారు? స్క్రిప్టుల బరువు మోయలేక వాళ్లే మారారు.

డెబియన్‌లో అయితే నెలల తరబడి మెయిళ్ల యుద్ధం. 2014 ఫిబ్రవరిలో టెక్నికల్ కమిటీలో ఓట్లు సిస్టమ్‌డీకి, అప్‌స్టార్ట్‌కి సమానంగా చీలాయి. ఛైర్మన్ బ్డేల్ గార్బీ నిర్ణాయక ఓటుతో సిస్టమ్‌డీ గెలిచింది. కొద్ది రోజుల్లోనే ఉబుంటు కూడా తన సొంత అప్‌స్టార్ట్‌ని వదిలి అదే దారి పట్టింది. 2015లో డెబియన్ 8, ఉబుంటు 15.04, రెండూ సిస్టమ్‌డీతోనే వచ్చాయి.

నేను జెంటూలో సిస్టమ్‌డీ బదులు ఓపెన్ఆర్‌సీ వాడతాను, నాకు సిస్టమ్‌డీ మీద ప్రేమ లేదు. కానీ జరిగింది జరిగినట్టు చెప్పుకోవాలి.

పాతకాపు
మీ లెక్క సరైనదే గిరి గారూ. కానీ సగానికి సగం మంది వద్దన్నదాన్ని ఒక్క ఓటుతో తేల్చడం గెలుపా? ఆ తర్వాతే కదా కొందరు విడిపోయి డెవ్యూవాన్ (సిస్టమ్‌డీ లేని డెబియన్) మొదలుపెట్టింది. 2017లో వాళ్ల 1.0 వచ్చిన రోజు నుంచి నా ఇంటి మిషన్ దాని మీదే ఉంది.

జెంటూ_గిరి
వద్దన్న సగం సిస్5 కావాలనలేదు, అప్‌స్టార్ట్ కావాలన్నారు. పాతది ఉంచుదామన్న వైపు ఆ కమిటీలో బలం లేదు. అయితే లాగిన్‌డీ లంకె విషయంలో మీతో ఏకీభవిస్తాను. ఈలాగిన్‌డీ అని దాన్ని విడదీసి మాలాంటివాళ్ల కోసం నడుపుతున్నవాళ్లకి దండం పెట్టాలి. వాళ్లే లేకపోతే ఓపెన్ఆర్‌సీ మీద గ్నోమ్ నాకు లేదు.

భద్రత_ముఖ్యం
ఎక్స్‌జెడ్ (ఫైళ్లని కుదించే ప్రోగ్రామ్, లైబ్రరీ) సంగతి ఎవరూ ఎత్తలేదే. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1లో దొంగ దారి బయటపడింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ప్రోగ్రామర్ ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని అనుమానపడి పట్టుకున్నాడు. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌కి ఎక్స్‌జెడ్ లైబ్రరీతో సంబంధమే లేదు. మరి లోపలికి ఎలా వచ్చింది? "నేను రెడీ" అని సిస్టమ్‌డీకి చెప్పడం కోసం కొన్ని డిస్ట్రోలు ఎస్‌ఎస్‌హెచ్‌డీకి (ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్) లిబ్‌సిస్టమ్‌డీ అనే సిస్టమ్‌డీ లైబ్రరీ తగిలించాయి. దాని వెనకాలే ఎక్స్‌జెడ్ లైబ్రరీ వచ్చింది. ఒక్క మాట చెప్పడానికి అంత సామాను!

2017 సంగతి కూడా చెప్పాలి. యూనిట్ ఫైల్‌లో యూజర్ పేరు అంకెతో మొదలైతే సిస్టమ్‌డీ దాన్ని చెల్లని పేరని పక్కన పెట్టి, సర్వీసుని రూట్‌గా నడిపేసింది. మొదట ఇది బగ్గే కాదన్నారు. తర్వాత మార్చారు, ఇప్పుడు పేరు చెల్లకపోతే సర్వీస్ మొదలవదు. ఆ "బగ్ కాదు" అన్న జవాబే నన్ను ఎక్కువ కష్టపెట్టింది.

ప్యాకేజీ_పద్మ
"రెడీ=1" అన్న మాటని ఒక సాకెట్‌లో రాస్తే చాలు, ఆ లైబ్రరీ అక్కర్లేదు. కొద్ది లైన్ల కోడ్. లిబ్‌సిస్టమ్‌డీని తగిలించినవాళ్లు డిస్ట్రోలవాళ్లు, అంటే నాలాంటివాళ్లే, కాబట్టి ఆ తప్పులో మాకూ వాటా ఉంది. ఆ తర్వాత ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సొంతంగా ఆ కొద్ది లైన్లు రాసుకుంది. సిస్టమ్‌డీ కూడా కంప్రెషన్ లైబ్రరీలని అవసరమైనప్పుడు మాత్రమే తెరిచేలా మారింది.

భద్రత_ముఖ్యం
ఇంకోవైపు కూడా చెప్పకపోతే అన్యాయం. ప్రైవేట్‌టీఎమ్‌పీ, ప్రొటెక్ట్‌సిస్టమ్=స్ట్రిక్ట్, నోన్యూప్రివిలేజెస్. ఈ మూడు లైన్లు యూనిట్‌లో పెడితే సర్వీసుకి సిస్టమ్ ఫైళ్ల మీద రాసే హక్కు పోతుంది, టెంప్ ఫోల్డర్ విడిగా వస్తుంది. ఇదంతా కెర్నల్‌లో ఎప్పటినుంచో ఉంది, కానీ ఇంత తేలిగ్గా మామూలు మనిషి చేతికి ఇచ్చింది సిస్టమ్‌డీనే. "సిస్టమ్‌డీ-అనలైజ్ సెక్యూరిటీ" అని ఒకసారి నడిపి చూడండి, ఏ సర్వీస్ ఎంత బార్లా తెరిచి ఉందో మార్కులు వేస్తుంది.

చిన్నపరికరం
నేను చిన్న పరికరాల్లో లినక్స్ పెట్టే పని చేస్తాను. మెమరీ, ఫ్లాష్ రెండూ కొంచెమే. అక్కడ బిజీబాక్స్ (చాలా కమాండ్లు కలిపిన ఒకే చిన్న ప్రోగ్రామ్) ఇనిట్, ఒక ఇనిట్‌టాబ్, మూడు సర్వీసులు, అయిపోయింది. ఈ గొడవ మా దాకా రాలేదు.

నిర్వాహకుడు
ఒక పోస్ట్ తీసేశాను. సిస్టమ్‌డీ రాసినవాళ్ల మీద ఎంత కోపం ఉన్నా వ్యక్తిగత తిట్లు ఇక్కడ వద్దు. తనకి ప్రాణాల మీదికి వచ్చే మాటలు వస్తున్నాయని 2014లో పోటరింగ్ బహిరంగంగా రాయాల్సి వచ్చింది. ఒక ప్రోగ్రామ్ రాసినందుకు! విమర్శ కోడ్ మీదా, నిర్ణయాల మీదా ఎంతైనా రాయండి.

పాతకాపు
తీసేసి మంచి పని చేశారు. నేను ఆయన నిర్ణయాలతో పదేళ్లుగా పోట్లాడుతున్నాను, ఆయనతో కాదు.

రాత్రి_షిఫ్ట్
అన్నీ చదివాను. మొన్న ఒక వర్చువల్ మిషన్‌లో అదే పరిస్థితి తెచ్చి చూశాను. నోఫెయిల్ పెట్టి డిస్క్ పీకేశాను. బ్రహ్మాండంగా లేచింది. రూట్‌కి పాస్‌వర్డ్ పెట్టి, కవర్‌లో సీల్ చేసి, లాకర్‌లో పెట్టించాను. ఇంకేమైనా ఉందా?

ప్యాకేజీ_పద్మ
ఉంది, ఆగండి, ఇది ముఖ్యం. నోఫెయిల్ పెడితే డిస్క్ లేకపోయినా లేస్తుంది, సరే. కానీ డిస్క్ ఉన్నా, అది మౌంట్ అయ్యేదాకా మిగతావి ఆగవు. అంటే మీ బ్యాకప్ సర్వీస్ డిస్క్ కంటే ముందే లేవొచ్చు. నేను మొదట్లో చెప్పిన ఖాళీ ఫోల్డర్ కథే మళ్లీ. ఆ సర్వీస్ యూనిట్‌లో "రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్" అని రాసి ఆ ఫోల్డర్ పేరు ఇవ్వండి. అప్పుడు డిస్క్ లేకపోతే మిషన్ లేస్తుంది, ఆ ఒక్క సర్వీస్ మాత్రం లేవదు.

అసలు ఫైల్ ముట్టుకోవద్దు. "సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్" వాడితే మీ లైన్ విడి ఫైల్‌లో ఉంటుంది, ప్యాకేజీ అప్‌డేట్ వచ్చినా పోదు.

రన్ఇట్_రవి
రన్ఇట్‌లో అయితే రన్ స్క్రిప్ట్ మొదటి లైన్‌లో "మౌంట్‌పాయింట్ -క్యూ" పెట్టి ఫోల్డర్ పేరు ఇచ్చి, మౌంట్ కాకపోతే ఎగ్జిట్ 1 (ఫెయిలైందని చెప్పి ఆగిపోవడం). కాపలా ప్రాసెస్ కాసేపాగి మళ్లీ ప్రయత్నిస్తుంది. డిస్క్ తగిలించగానే మౌంట్ చేస్తే సర్వీస్ తనంతట తనే లేస్తుంది.

పాతకాపు
రవి గారి లైన్ చదవగానే అర్థమైంది. పద్మ గారిది మ్యాన్ పేజీ తెరిచి చదివాను. చదివాక మాత్రం ఒప్పుకోక తప్పలేదు, ఏ సర్వీసుకి ఏ డిస్క్ కావాలో ఆ సర్వీస్ దగ్గరే రాయడం మంచి పద్ధతి. మా పాత స్క్రిప్టుల్లో ఈ పని నంబర్లతో చేసేవాళ్లం, ఎస్35 మౌంట్, ఎస్80 బ్యాకప్ అని. ఎందుకు అదే వరుసో ఎక్కడా రాసి ఉండేది కాదు. ఎల్ఎస్‌బీ హెడర్లు (దేనికి ముందు ఏది కావాలో స్క్రిప్ట్ పైన రాసే లైన్లు) వచ్చాక కొంత రాశాం, అదీ సగం సగమే.

నా ఇంటి మిషన్ మాత్రం డెవ్యూవానే. అది మారదు.

ప్యాకేజీ_పద్మ
మారక్కర్లేదు పాతకాపు గారూ. 2019లో డెబియన్‌లో మళ్లీ ఓటింగ్ పెట్టినప్పుడు గెలిచిన తీర్మానం కూడా అదే కదా, సిస్టమ్‌డీ మీద దృష్టి పెడతాం, మిగతా ఇనిట్‌ల కోసం పనిచేసేవాళ్లకి అడ్డు చెప్పం అని. వేరే ఇనిట్ మీద నడిపేవాళ్లు బగ్ పంపితే ప్యాచ్ ఉంటే నేను తప్పకుండా తీసుకుంటాను.

రాత్రి_షిఫ్ట్, ఒక్క కమాండ్ మిగిలింది. ఎఫ్‌స్టాబ్ ముట్టుకున్న ప్రతిసారీ "ఫైండ్ఎమ్ఎన్‌టీ --వెరిఫై" నడపండి. లేని డిస్కులని అక్కడికక్కడే చూపిస్తుంది, రీబూట్ దాకా ఆగక్కర్లేదు.

రాత్రి_షిఫ్ట్
ఆ సర్వర్ మీదే ఇప్పుడే నడిపాను. ఇంకో లైన్ దొరికింది! పాత స్వాప్ పార్టిషన్ (మెమరీ చాలనప్పుడు వాడే డిస్క్ భాగం) యూయూఐడీ, అంటే దాని గుర్తింపు నంబర్. డిస్కులు మార్చినప్పటిది, ఇప్పుడు ఆ పార్టిషనే లేదు.

లాగ్_చదువరి
"జర్నల్‌సీటీఎల్ -బి" తీసి డివైస్ కోసం టైమౌట్ అన్న లైన్ వెతకండి. స్వాప్ దొరక్కపోతే బూట్ ఆగిపోదు కానీ దాని కోసం ఎదురుచూస్తుంది, మీ మిషన్ ఇన్నాళ్లూ ఎందుకు నెమ్మదిగా లేస్తోందో అక్కడ ఉంటుంది.

రాత్రి_షిఫ్ట్
ఉంది. సరిగ్గా 90 సెకన్లు. ఆ లైన్ తీసేశాను, ఆదివారం రాత్రి రీబూట్ పెట్టుకున్నాం. ఈసారి మానిటర్ ముందే తగిలించి ఉంచుతాను.